ఆలిస్ మన్రో సంవత్సరీకం: సభ పెట్టాలా, మానాలా?

గోదారి_గట్టు
మాది కెనడాలోని కిచనర్‌లో చిన్న చదువరుల బృందం. తొమ్మిది మందిమి, అందరం తెలుగువాళ్ళమే. నెలకోసారి ఎవరో ఒకరింట్లో కూర్చుని ఒక తెలుగు కథ, ఒక కెనడా కథ చదువుకుంటాం. ఈ మే 13కి కెనడా కథల రచయిత్రి ఆలిస్ మన్రో పోయి ఏడాది. ఆవిడ చాలా ఏళ్ళు ఉన్న క్లింటన్ ఊరు మాకు కారులో గంటంబావు. వర్ధంతి సభ పెడదామని జనవరిలో నేనే అన్నాను. ఫోటో, దండ, దీపం, రెండు కథలు. ఇప్పుడు ఆ మాట మీదే గొడవ. ముగ్గురు ససేమిరా రామన్నారు. ఒకావిడ బృందం వాట్సాప్‌లోంచే వెళ్ళిపోయింది.

నా సంగతి కూడా చెప్పాలి. 2021 మేలో మా అమ్మ పోయింది, రాజమండ్రిలో. ఏప్రిల్ 22 నుంచి ఇండియా నుంచి కెనడాకి నేరుగా వచ్చే విమానాలు ఆపేశారు. వెళ్తే తిరిగి ఎప్పుడు రాగలనో తెలీదు, బాబుకి ఏడాదిన్నర. వెళ్ళలేదు. తమ్ముడు ఫోను పట్టుకుంటే వీడియోలో చూశాను. గాలి, జనం, ఏడుపు. వాడి చెయ్యి నిలవలేదు. నాకు ఎక్కువసేపు కనిపించింది ఇసుకలో వాడి కాళ్ళే.

ఆ ఏడాది చివర్లో మన్రో ఆఖరి పుస్తకం 'డియర్ లైఫ్' చదివాను. అందులో చివరి నాలుగు కథలూ తన సొంత బతుకులోంచి రాసినవి. ఆఖరి పేజీలో చెప్తుంది, అమ్మ ఆఖరి జబ్బులో తను ఇంటికి వెళ్ళలేదని, అంత్యక్రియలకూ వెళ్ళలేదని. అది 1959. తను వాంకూవర్‌లో ఉంది, ఇద్దరు పసిపిల్లలు, వాళ్ళని చూసే దిక్కు లేదు. కొన్నిటిని క్షమించలేమంటాం, మనల్ని మనం ఎప్పటికీ క్షమించుకోలేమంటాం, కానీ క్షమించుకుంటాం, ఎప్పుడూ చేసేది అదే అని చెప్పి పుస్తకం ముగించేస్తుంది. ఆ పేజీ ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. దాని మూల నూనె మరకతో పారదర్శకంగా అయిపోయింది, వంటింట్లో కూడా పెట్టుకునేదాన్ని.

పోయినేడాది జూలైలో ఆ వార్త వచ్చాక ఆ పేజీ తెరవలేకపోతున్నాను. సభ పెట్టాలా వద్దా అనేది పైకి కనిపించే ప్రశ్న. నన్ను నిలబెట్టిన ఆ మాటల్ని ఏం చేసుకోవాలో కూడా తెలీడం లేదు.

చినుకు
వద్దు. ఆ ఫోటోకి దండ వేయడానికి చెయ్యెలా వస్తుందండీ?

రెండోముద్రణ
ఏ వార్త? నేను ఆవిడ కథలు నాలుగైదు చదివాను, అంతే. ఎవరైనా చెప్పండి.

చినుకు
చెప్తాను. 2024 మే 13న పోయింది, 92 ఏళ్ళు. దేశమంతా నివాళులు. రెండు నెలలు తిరక్కుండా, జూలై 7న, ఆవిడ చిన్న కూతురు ఆండ్రియా టొరంటో స్టార్ పత్రికలో రాసింది. తొమ్మిదేళ్ళప్పుడు, అంటే 1976లో, మన్రో రెండో భర్త తనని లైంగికంగా వేధించడం మొదలుపెట్టాడని. పాతికేళ్ళు వచ్చాక 1992లో అమ్మకి ఉత్తరం రాసి చెప్పింది. మన్రో కొన్నాళ్ళు అతన్ని వదిలి, మళ్ళీ అతని దగ్గరికే వెళ్ళిపోయింది. 2005లో అతను కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. అయినా 2013లో అతను చనిపోయేదాకా మన్రో అతనితోనే ఉంది. అదే ఏడాది నోబెల్ వచ్చింది. ఇన్నేళ్ళూ తెలిసినవాళ్ళు నోరు విప్పలేదు. ఇప్పుడు చెప్పండి, దండ ఎవరికి?

రెండోముద్రణ
చదివి కాసేపు ఏమీ టైప్ చేయలేకపోయాను.

పాతపుస్తకాల_మూర్తి
నేను సభ పెట్టాలనే అంటాను. నాకు అరవై రెండేళ్ళు. రాసినవాళ్ళ నడవడి చూసి పుస్తకాలు ఏరడం మొదలుపెడితే నా అలమారలో పంచాంగం ఒక్కటే మిగులుతుంది. మనిషి వేరు, కథ వేరు. ఒంటారియో పల్లెల్లో ఆడవాళ్ళ బతుకుని అంత దగ్గరగా చూసినవాళ్ళు లేరు. గోదారి గారూ, ఆ పేజీ మిమ్మల్ని నిలబెట్టిందంటే అది నిజమే. రాసినావిడ ఇంట్లో ఏం జరిగినా, ఆ నిలబడ్డది అబద్ధం అయిపోదు.

చినుకు
మూర్తిగారూ, ఆఖరి మాట ఒప్పుకుంటాను. మొదటిది ఒప్పుకోను. కథ వేరు, మనిషి వేరు అని ఈవిడ విషయంలో ఎలా అంటారు? కూతురి ఉత్తరం అందింది 1992లో. 'వాండల్స్' అనే కథ వచ్చింది ఆ మరుసటేడాది, తర్వాత 1994లో 'ఓపెన్ సీక్రెట్స్' పుస్తకంలో చేరింది. అందులో ఏముంది? ఒక మగాడు పక్కింటి పిల్లల్ని పాడుచేస్తాడు. అతనితో ఉండే ఆవిడ చూడనట్టు ఉండిపోతుంది. ఆ పిల్ల పెద్దయ్యాక ఆ ఇంట్లో దూరి సామానంతా పగలగొడుతుంది. ఆ పిల్లలు ఆవిడ నుంచి ఏం ఆశించారో, ఆవిడ ఏం చేయగలిగీ చేయలేదో కథలో అంత స్పష్టంగా ఉంది. అంటే మన్రోకి అంతా అర్థమైంది. కథలో రాయగలిగింది, ఇంట్లో చేయలేదు.

పాతపుస్తకాల_మూర్తి
ఆ కథ చదివాను, చాలా ఏళ్ళ క్రితం. ఆ తారీకులు కలిపి చూడలేదు. రాత్రికి మళ్ళీ చదువుతాను.

అట్లతద్ది
మా ఇంట్లో సంగతి ఒకటి. మా తాతయ్య నాయనమ్మని కొట్టేవాడు. ఊరంతటికీ తెలుసు. ఆయన పోయాక నాన్న ఏటా తద్దినం పెట్టేవారు, ఒక్క ఏడూ తప్పలేదు. నువ్వులు, నీళ్ళు, మూడు తరాల పేర్లు. పేరు పిలిచేటప్పుడు ఆ మనిషి ఎలాంటివాడని మంత్రం అడగదు కదా. నాన్నకి అది ధర్మం.

కానీ ఆ రోజు నాయనమ్మ వంటింట్లోకి వచ్చేది కాదు. పొద్దున్నే పెరట్లో కరివేపాకు చెట్టు కింద పీట వేసుకుని కూర్చునేది. భోక్తలు తిని వెళ్ళాక కూడా వచ్చేది కాదు. ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి మీదది ముట్టుకునేది కాదు, పక్కింటివాళ్ళు మజ్జిగన్నం తెచ్చిస్తే తినేది. నాన్న ఒక్కసారి కూడా "లోపలికి రామ్మా" అనలేదు. ఆవిడా ఒక్కసారి కూడా "పెట్టకురా" అనలేదు. చిన్నప్పుడు నాకు వింతగా ఉండేది. ఇప్పుడనిపిస్తుంది, ఆ ఇంట్లో ఆ రోజు తలుచుకోవడం రెండు రకాలుగా జరిగేదని. నాన్నది లోపల, నాయనమ్మది చెట్టు కింద.

గోదారి_గట్టు
అట్లతద్ది గారూ, ఇది చదివి పని ఆపేసి కూర్చున్నాను.

మంచుదారి
కొంచెం పక్కకి వెళ్తున్నాను, తిట్టకండి. మేం గ్వెల్ఫ్‌లో ఉంటాం, జాన్ మెక్‌క్రే పుట్టిన ఊరు. ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. నవంబరు 11న, యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలుచుకునే రోజున, ఇక్కడ పిల్లలందరూ ఆయన పద్యం 'ఇన్ ఫ్లాండర్స్ ఫీల్డ్స్' అప్పజెప్తారు, చొక్కాకి ఎర్ర గసగసాల పువ్వు పెట్టుకుని. మా అమ్మాయి నాలుగో తరగతిలో వల్లెవేస్తూ ఆగి అడిగింది: "నాన్నా, ఎవరు చచ్చిపోతే రాశాడు?" నాకు తెలీదు. వెతికాం. అలెక్సిస్ హెల్మర్, 22 ఏళ్ళవాడు, మెక్‌క్రే స్నేహితుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 మే 2న బెల్జియంలోని ఈప్ర దగ్గర ఫిరంగి గుండుకి పోయాడు. పాదిరీ అందుబాటులో లేకపోతే డాక్టరైన మెక్‌క్రేనే చీకట్లో నిలబడి అంత్యక్రియల మాటలు చదివాడు. మర్నాడు పద్యం రాశాడని చెప్తారు. అది డిసెంబరులో లండన్ పంచ్ పత్రికలో వచ్చింది.

హెల్మర్ సమాధి తర్వాత యుద్ధంలోనే ఎక్కడో కలిసిపోయింది. ఈప్రలో మెనిన్ గేట్ అనే యుద్ధ స్మారకం గోడ మీద పేరు ఒక్కటే ఉంది. పద్యం పదేళ్ళకు పైగా కెనడా పది డాలర్ల నోటు మీద కూడా తిరిగింది, ఆ కుర్రాడి పేరు మాత్రం ఎవరి నోటా లేదు. మా అమ్మాయి ఆ ఏడు స్టేజీ మీద పద్యానికి ముందు "ఇది అలెక్సిస్ హెల్మర్ కోసం" అని చెప్పింది. టీచరు చెప్పమనలేదు, తనే చెప్పింది.

తాటిముంజ
మెక్‌క్రే గుర్రం సంగతి చెప్పలేదేం? బాన్‌ఫైర్. 1918 జనవరి 28న ఆయన ఫ్రాన్స్‌లో న్యుమోనియాతో పోతే, శవయాత్రలో ఆ గుర్రాన్ని ముందు నడిపించారు, రికాబుల్లో ఆయన బూట్లు వెనక్కి తిప్పి పెట్టి. నాకు పద్యం కన్నా ఆ బూట్లే గుర్తున్నాయి.

మంచుదారి
ఆ గుర్రం పేరుతో ఆయన తన తోబుట్టువుల పిల్లలకి ఉత్తరాలు రాసేవాడు, కింద సంతకం డెక్క గుర్తు. మా అమ్మాయి చేత అది చెప్పించుకోకుండా ఎవరూ మా ఇంట్లోంచి బయటపడలేరు.

విన్నిపెగ్_పిట్ట
మెక్‌క్రే పద్యం మూడో భాగం నాకు మింగుడుపడదు. పోయినవాళ్ళ చేత "మీరు యుద్ధం కొనసాగించండి" అనిపించడం. స్నేహితుడి కోసం ఏడ్చిన పద్యాన్ని తర్వాత సైన్యంలోకి జనాన్ని పిలవడానికి, యుద్ధ బాండ్లు అమ్మడానికి వాడారు. పోయినవాళ్ళ నోట్లో మన మాట పెట్టకూడదని నా ఉద్దేశం.

మంచుదారి
పిట్ట గారూ, అతను అది రాసింది పక్కన ఇంకా గుండ్లు పడుతుండగా. ఆ రోజు అతనికి అది తప్ప వేరే తోచకపోవచ్చు.

విన్నిపెగ్_పిట్ట
అది నిజమే. అయినా నాకు మింగుడుపడదు.

అసలు విషయానికొస్తే, విగ్రహాలూ దండలూ ఎవరి కోసం అనేది నవలా రచయిత్రి మార్గరెట్ లారెన్స్ ఎప్పుడో చెప్పేసింది. 'ది స్టోన్ ఏంజెల్' నవల, 1964. మొదటి పేజీలోనే ఊరి శ్మశానంలో పాలరాతి దేవత. కథానాయిక హేగర్ పుట్టిన పురిట్లోనే తల్లి పోతే, తండ్రి ఇటలీ నుంచి తెప్పించి నిలబెట్టాడు. పోయినావిడ మీద ప్రేమతో కాదు, తన పేరు గొప్పగా నిలవాలని. ఆ దేవతకి కళ్ళు చెక్కరు, ఊరిని చూడలేదు. లారెన్స్‌కి నాలుగేళ్ళప్పుడు తల్లి, తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి పోయారు. శ్మశానం అంటే ఏంటో ఊహ తెలియకముందే తెలిసిన మనిషి. 1987 జనవరి 5న పోయింది. ఆమె సమాధి ఉన్నది సొంత ఊరు నీపవాలోనే. విన్నిపెగ్ నుంచి రెండు గంటలు, పోయిన వేసవిలో వెళ్ళాను. ఆ ఊరి శ్మశానంలో ఒక రాతి దేవత నిజంగానే ఉంది. లారెన్స్ రాయి మాత్రం చాలా మామూలుగా ఉంది, వెతుక్కోవాలి.

నీలిసిరా
దాచిపెట్టడం గురించి చినుకు గారు అన్నారు కదా. ఎల్.ఎం. మాంట్‌గొమెరీని తీసుకోండి, 'ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్' నవల రాసినావిడ. 1942 ఏప్రిల్ 24న టొరంటోలో పోతే గుండెజబ్బు అన్నారు. 2008లో, 66 ఏళ్ళ తర్వాత, మనవరాలు పత్రికలో రాసింది, అమ్మమ్మో నాన్నమ్మో ఎవరైనా సరే, ఆవిడ చాలా ఏళ్ళు మానసిక కుంగుబాటుతో నలిగిందని, ఆత్మహత్య చేసుకుందని మా కుటుంబానికి తెలుసు అని. మంచం పక్కన దొరికిన కాగితం అసలు డైరీలో పేజీయేమో అని జీవితచరిత్ర రాసినావిడ అంటుంది, అది వేరే వాదన. నాకు ముఖ్యం అనిపించింది మనవరాలు ఎందుకు చెప్పిందన్నది. సిగ్గుపడి దాచినన్నాళ్ళూ అదే జబ్బుతో ఉన్న ఇంకొకరు ఒంటరిగా ఉంటారని.

మాంట్‌గొమెరీకి ఇరవైయొక్క నెలలప్పుడు తల్లి క్షయతో పోయింది. పెట్టెలో ఉన్న తల్లి చెంప ముట్టుకుంటే చల్లగా తగిలిందని, తన మొట్టమొదటి జ్ఞాపకం అదేనని రాసుకుంది. అంత చిన్న వయసుది గుర్తుంటుందా అని అడక్కండి. మా పెద్దమ్మ నాలుగేళ్ళ క్రితం పోయింది. ఇప్పటికీ ఫ్రిజ్‌లోంచి మామిడిపండు తీస్తే నాకు ఆవిడ నుదురే.

అట్లతద్ది
నీలిసిరా గారూ, ఆ మనవరాలు కొడుకు కూతురు. నాన్నమ్మే.

నీలిసిరా
సరిచేసినందుకు థ్యాంక్స్. నాన్నమ్మే.

తాటిముంజ
ఏ నివాళీ శాశ్వతం కాకపోయినా ఫరవాలేదనిపించింది నాకు ఒక్కచోటే, హైదా గ్వాయ్‌లో, అంటే కెనడా పడమటి తీరంలో హైదా ఆదివాసుల దీవుల్లో. పాత ఊళ్ళ దగ్గర దేవదారు స్తంభాలు ఉంటాయి, వాటిలో కొన్ని పోయిన పెద్దల అస్థికలు పైభాగంలో పెట్టి నిలబెట్టినవి. వానకి నాని, నాచు పట్టి, వాలిపోతున్నాయి. ఎత్తి సిమెంటు దిమ్మ మీద పెట్టేయరు. పడిపోయి మట్టిలో కలవడమే వాటి పద్ధతి. నేను రెండు గంటలు నిలబడి చూశాను, వాన తుంపర, కాకి రెక్కల చప్పుడు తప్ప ఏమీ లేదు.

శిల్పి బిల్ రీడ్ తల్లి హైదా మనిషి. ఆయన 1998 మార్చి 13న పోయాక ఆయన అస్థికల్ని పడవలో అమ్మమ్మ ఊరు తానుకి తీసుకెళ్ళారు, రెండు రోజుల ప్రయాణం. ఆ పడవ ఆయనే 1986 ఎక్స్‌పో కోసం చెక్కించిన లూటాస్. తను చేసిన పడవలోనే తన ఆఖరి ప్రయాణం. మన దగ్గర అస్థికలు గోదారిలో కలపడానికి పడవెక్కుతాం కదా, నాకు అదే గుర్తొచ్చింది.

చినుకు
ఇవన్నీ బాగున్నాయి. ఒక్క మాట. హెల్మర్ పేరు, హేగర్ తల్లి, ఆండ్రియా. మనం ఎప్పుడూ రాసినవాళ్ళని తలుస్తాం. ఎవరి గురించి రాశారో, ఎవరి గురించి రాయకుండా వదిలారో వాళ్ళు వెనక నిలబడిపోతారు.

రెండోముద్రణ
చినుకు గారి మాట మీద గార్డ్ డౌనీ గుర్తొచ్చాడు. ట్రాజికల్లీ హిప్ గాయకుడు. నేను 2016లో కింగ్‌స్టన్‌లో మాస్టర్స్ చదువుతున్నా. మెదడులో నయంకాని క్యాన్సర్ అని మేలో చెప్పారు, ఆగస్టు 20న సొంత ఊళ్ళో ఆఖరి కచేరీ. లోపలికి టికెట్టు దొరకలేదు, స్ప్రింగర్ మార్కెట్ స్క్వేర్‌లో పెద్ద తెర పెట్టారు. నాకు ఆ పాటలు ఒక్కటీ రావు. చుట్టూ వేలమంది ప్రతి మాటా పాడుతున్నారు. ముందు నిలబడ్డ పెద్దాయన ఒకాయన టోపీ తీసి గుండెకి పెట్టుకుని పాడుతున్నాడు. దేశం మొత్తమ్మీద కోటీ పదిహేడు లక్షల మంది చూశారట.

తన చావు గురించి అందరూ ఏడుస్తున్న ఆ ఏడాదే అతను చేసిన పని ఏంటంటే, చానీ వెంజాక్ అనే పిల్లాడి కోసం పాటలు కట్టి ఆల్బం తెచ్చాడు. 1966 అక్టోబరులో కెనోరా దగ్గర ఆదివాసీ పిల్లల్ని పెట్టే రెసిడెన్షియల్ స్కూలు నుంచి ఆ పన్నెండేళ్ళవాడు ఇంటికని పారిపోయాడు. ఇల్లు 600 కిలోమీటర్లు. పలచటి చొక్కా, చలి, రైలు పట్టాల పక్కనే పోయాడు. డౌనీ 2017 అక్టోబరు 17న పోయాడు. ఇప్పుడు అక్టోబరు వస్తే స్కూళ్ళలో ఇద్దరి పేర్లూ కలిపి చెప్తారు.

పాతపుస్తకాల_మూర్తి
'వాండల్స్' రాత్రి మళ్ళీ చదివాను. నిద్ర పట్టలేదు. మనిషి వేరు, కథ వేరు అని నిన్న అన్నది వెనక్కి తీసుకుంటున్నాను, కనీసం ఈ కథ వరకు. చదవడం మానమని మాత్రం ఇప్పటికీ అనను. అది చదవకపోతే నాకు ఈ సంగతి ఇంత లోతుగా దిగేది కాదు.

చినుకు
చదవొద్దని నేనూ అనలేదు మూర్తిగారూ. దండ వద్దన్నాను.

మంచుదారి
విక్టోరియాలో మన్రోస్ బుక్స్ షాపు ఉంది కదా, 1963లో ఆవిడా మొదటి భర్తా పెట్టింది. పోయినేడాది వాళ్ళు ఆండ్రియా వైపు నిలబడుతున్నామని ప్రకటన ఇచ్చారు. పేరు బోర్డు మీద ఉంచుకునే ఆ పని చేశారు. ఒక దారి అదేమో.

గోదారి_గట్టు
మూడు రోజులుగా అన్నీ చదువుతున్నాను. నిన్న బృందంలోంచి వెళ్ళిపోయినావిడకి ఫోన్ చేశాను. గంటసేపు మాట్లాడాం. తన కారణం నాకు చెప్పింది, ఇక్కడ రాయను. నేను జనవరిలో దండ, దీపం అని హుషారుగా మెసేజ్ పెట్టినప్పుడు తనకి ఎలా ఉండి ఉంటుందో అప్పుడు నాకు తోచలేదు. క్షమించమని అడిగాను.

మే 13న కలుస్తున్నాం. వర్ధంతి సభ అని పిలవడం లేదు. ఫోటో లేదు, దండ లేదు. మొదట ఆండ్రియా పత్రికలో రాసింది చదువుతాం, పూర్తిగా. తర్వాత 'వాండల్స్'. ఆ మధ్యలో ఎవరైనా లేచి వెళ్ళిపోవాలంటే వెళ్ళొచ్చు, ఎవరూ కారణం అడగరు. మా పెరట్లో కరివేపాకు చెట్టు లేదు కానీ మేపుల్ ఉంది, దాని కింద రెండు కుర్చీలు వేసి ఉంచుతాను.

'డియర్ లైఫ్' ఆఖరి పేజీ ఆ రోజు చదవం. అది మా అమ్మకీ నాకూ మధ్య విషయం. ఉంచుకుంటాను. కానీ ఇకమీదట ఆ మాటలు నా ఒక్కదాని గురించే చదువుకుంటాను. తన కూతురి విషయంలో ఆవిడ తనని క్షమించుకుందో లేదో ఆవిడకే తెలియాలి, దానికి నేను వంత పాడను.

చినుకు
నేను వస్తాను. లండన్ నుంచి గంటన్నర. ఒంటారియో లండన్ అండీ, విమానం ఎక్కి రావట్లేదు.

అట్లతద్ది
చెట్టు కింద కుర్చీ ఒకటి నాకు.

విన్నిపెగ్_పిట్ట
దూరం. జూమ్ లింక్ పెడితే చూస్తాను.

వెన్నెల_మెట్లు
నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు, చదువుతానంతే. ఎడ్మంటన్‌లో ఉంటాను. మా అమ్మ కాకినాడలో ఆసుపత్రిలో ఉంది, పది రోజులైంది. కొత్త ఉద్యోగం, సెలవు అడగాలంటే టెన్షన్. అన్నయ్య "ఇప్పుడేం కంగారు లేదు, చూద్దాం" అంటున్నాడు. గోదారి గట్టు గారి మొదటి పోస్టు నాలుగుసార్లు చదివాను.

గోదారి_గట్టు
అన్నయ్య చూద్దాం అంటున్నాడు కానీ రావద్దు అనలేదుగా అమ్మా. ఈ రాత్రికే టికెట్టు చూడు. సెలవు పొద్దున అడుగు. మాట్లాడాలనిపిస్తే ఇక్కడ నాకు మెసేజ్ పెట్టు, పన్నెండు దాకా మెలకువగానే ఉంటాను.

వెన్నెల_మెట్లు
గురువారానికి దొరికింది, టొరంటో, ఢిల్లీ మీదుగా. బుక్ చేశాను.